జనం వైపు తిరిగిన బ్యాండు మాస్టరు

మా బ్యాండు మాస్టరు పోయారన్న కబురు పెద్ద డ్రమ్ము వాయించే అన్న మోసుకొచ్చాడు. ఆషాఢపు ముసురు. సూర్యాపేటలో నా దర్జీ కొట్టు గడపలో, నెత్తి మీది తడిసిన గొంగడి కూడా తీయకుండా నిలబడ్డాడు.

"మాస్టరు పోయిండురా. పొద్దుగాల, మిర్యాలగూడల బిడ్డ ఇంట్ల. చాయ్ అడిగిండట. ఆమె తెచ్చేవరకే అయిపోయింది."

నేను మిషను తొక్కడం ఆపాను. అతను గొంగడి తీసి గడప మీద కూలబడ్డాడు. తర్వాత అతనే అన్నాడు: "సూడు, లగ్గాలు లేని నెల సూసుకొని పోయిండు. ఒక్క బేరం గూడ చెడగొట్టలే."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాం. ఆయన ఉండి ఉంటే ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వేవారు.

మీలో చాలామంది ఆయనను చూసే ఉంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కు ఏ పెద్దింటి లగ్గమైనా, ఊరేగింపు ముందు కార్నెట్టు బాకా పైకెత్తి పట్టుకొని నడిచే పొట్టి మనిషి ఉండేవారు. ఆయనే. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే హైదరాబాదులో సైన్యం తాలూకు ఒక పల్టన్ బ్యాండువాళ్లు చేరదీశారట. అక్కడే పెరిగి, అక్కడే బాకా ఊదడం నేర్చి, నడివయసులో సూర్యాపేటకు వచ్చి తనతో కలిపి ఎనిమిది మందితో బ్యాండు కట్టారు. నన్ను చేర్చుకున్న తీరు ఇప్పటికీ తలచుకుంటాను. అందరికీ ఖాకీ అంగీలు కుట్టమని కొలతలివ్వడానికి వచ్చారు. టేపు ఆయన భుజాల మీద పెట్టి ఏదో ఈల వేసుకుంటున్నాను. ఆయన కదలకుండా నిలబడి మొత్తం విన్నారు. "సూది పట్టిన చేయి, శ్రుతి పట్టిన చెవి. క్లారినెట్టుకు ఇంకేం కావాలె?" అన్నారు. ఆ నెలాఖరుకు నా చేతిలో క్లారినెట్టు ఉంది.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. వాయించే ముందు కార్నెట్టు మూతిని పంచె కొంగుతో మూడుసార్లు తుడిచేవారు. మేము తప్పు వాయిస్తే తిట్టేవారు కాదు, చెవి గోక్కునేవారు. ఆ చెవి గోక్కోవడం చూస్తే తిట్టినా బాగుండేదనిపించేది. చప్పట్లను నమ్మేవారు కాదు. "చేతులు మర్యాదకు గూడ కొడ్తయి. కాళ్లు సూడుండ్రి. కాళ్లు నిలబడ్డయా, ఎల్లిపోయినయా, గదే అసలు మాట" అనేవారు.

ఆ కాళ్లు వెళ్లిపోవడం మొదలైన రోజుల గురించే నేను రాస్తున్నాను.

రజాకార్ల కాలంలో మా దిక్కు లగ్గాలు చప్పుడు లేకుండానే అయ్యేవి. పసుపుతాడు కట్టి, నాలుగు గింజలు నెత్తిన వేసి, పొద్దుగూకకముందే ఎవరి ఇంటికి వాళ్లు చేరేవాళ్లు. బ్యాండు పెట్టెల్లో పడుకుంది. పోలీసు చర్య అయ్యాక వచ్చిన మాఘంలో, ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇక మన రోజులే అనుకున్నాం. నేను అంగీలన్నీ ఉతికించి, ఇత్తడి గుండీలు బూడిదతో తోమి తళతళలాడించాను.

మొదటి పిలుపు తుంగతుర్తి దిక్కు ఒక ఊరి నుంచి వచ్చింది. పొలిమేరలో వరుస కట్టాం. డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది. మేము దర్జాగా అడుగులేస్తూ ఊళ్లోకి వెళ్లేసరికి ఊరు లేదు. అంటే ఇళ్లున్నాయి, పందిరి ఉంది, పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం ఉంది. మనిషి లేడు. ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకొని కంది చేలల్లోకి పరుగెడుతున్నారు. పందిట్లో మిగిలింది నడవలేని ఒక తాత. అతను మంచం దిగకుండానే మాకు చేతులు జోడించి, "దొరా, మా ఇంట్ల ఎవ్వలు లేరు, ఏమీ లేదు" అంటున్నాడు.

ఏం జరిగిందో మాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మాస్టరుకే ముందు అర్థమైంది. కార్నెట్టు కింద పెట్టి, టోపీ తీసి, ఖాకీ అంగీ గుండీలు ఒక్కొక్కటీ విప్పారు. బనీనుతో చేల గట్టు దాకా వెళ్లి, "అమ్మా, మేము పెండ్లి మేళపోళ్లం! భయపడకుండ్రి! సూడుండ్రి, నా బనీనుకు బొక్కలున్నయి!" అని అరిచారు.

చేలోంచి ముందు ఒక పిల్ల నవ్వింది. తర్వాత ఒక్కొక్కరే బయటికి వచ్చారు. పెళ్లికూతురు వడ్ల గుమ్మిలో దాక్కుందట. తలనిండా పొట్టుతో, తుమ్ముతూ వచ్చింది. ఎనిమిది మందిమీ అంగీలు విప్పేసి బనీన్లతోనే ఆ లగ్గం వాయించాం.

తిరుగు దారిలో నేను అంగీ మడిచి చంకలో పెట్టుకొని వెనకబడ్డాను. ఆ అంగీలు నేను కుట్టినవి. మాస్టరు నా పక్కన నడుస్తూ, "బాధపడకు. వాళ్లు ఉరికింది మనల్ని సూసి కాదు, రజాకార్ల అసొంటి ఖాకీ అంగీలు సూసి. అంగీలు మార్చుకోవచ్చు" అన్నారు. పది అడుగులు వేశాక తనలో తాను అనుకున్నట్టుగా, "పాటల ముచ్చట గూడ గంతేనేమో" అన్నారు.

అంగీలను రంగరేజు దగ్గర వేశాం. ఖాకీ మీద ఏ రంగూ అనుకున్నట్టు పట్టలేదు. ఒకటి వంకాయలా, ఒకటి పాత బెల్లంలా, ఒకటి ఏ రంగో ఎవరూ తేల్చలేని రంగులో వచ్చాయి. మాస్టరుది ముదురు ఆకుపచ్చ. ఆ వేషాలతో ఫాల్గుణంలో కోదాడ వారపు అంగడికి వెళ్లాం. కొత్త పిలుపులు రావాలంటే నలుగురి కంట పడాలని ఆయన ఆలోచన. మమ్మల్ని చూడగానే అంగడి అంగడే నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది. ఆయన మాత్రం సంబరపడ్డారు. "నవ్వినోడు నిలబడ్తడు. నిలబడ్డోడు వింటడు. కానియ్!" అన్నారు.

నిలబడ్డారు కానీ వినలేదు. పల్టన్ అలవాటు ప్రకారం మేము గుండ్రంగా, ఒకరికొకరు ఎదురుగా నిలబడి కవాతు పాటలు వాయిస్తున్నాం. ఇంతలో డేరా సినిమావాళ్ల బండి మైకు కట్టుకొని వచ్చింది. అందులోంచి ఏదో ఆడగొంతు పాట. మా చుట్టూ ఉన్నవాళ్లంతా బండి వెంట కదిలిపోయారు. మేము పాట ముగించేసరికి ఎదుట ఒకే ఒక ముసలమ్మ ఉంది, మిరపకాయల కుప్ప ముందు కూర్చొని.

మాస్టరు ఆమె దగ్గరికి వెళ్లారు. "నువ్వు ఉన్నవు గద అవ్వా, శానా సంతోషం."

"మిరపకాయలు వదిలి ఎట్ట పోతానయ్యా? లేకుంటే నేనూ పోయేదాన్నే."

డ్రమ్మన్న పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. మాస్టరు నవ్వలేదు. ఆమె పక్కనే ఖాళీ గోనెసంచి మీద కూర్చున్నారు. "నిజం చెప్పు. మా వాయిద్యం బాగలేదా?"

"బాగుందో లేదో మాకేం తెలుస్తది? మీరు ఒకరి మొగం ఒకరు చూసుకుంటా వాయించుకుంటున్నారు. మాకు మీ వీపులే కనపడుతున్నాయి. మీలో మీకేదో పనుంది కామోసు, నడుమ మనమెందుకు అనుకున్నా."

మాస్టరు మేము నిలబడిన గుండ్రం వైపు తిరిగి చూశారు. నలభై ఏళ్లకు పైగా ఆయన ఆ గుండ్రంలోనే నిలబడ్డారు. చివరికి, "ఏం వాయిస్తే వింటవు?" అని అడిగారు. ఆమె సిగ్గుపడింది. తర్వాత మిరపకాయల తొడిమలు తుంచుతూ, నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాట ఒకటి సన్నగా ఎత్తుకుంది. ఆయన కార్నెట్టు మీద మెల్లగా పట్టుకోబోయారు. రెండో వరుసకే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడ సాగదీయమాక. ఆడ వంగిన నడుం ఒక్కసారి లేస్తది. మళ్లీ వంగాలి."

ఆయన మళ్లీ వాయించారు. ఆమె మళ్లీ ఆపింది. నాలుగోసారికి తల ఊపింది. అప్పటికి సినిమా బండి వెంట పోయిన ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వెనక్కు వచ్చి, బుట్టలు దించకుండానే నిలబడ్డారు. మాస్టరు వాళ్ల పాదాల వైపు చూడటం నేను చూశాను. పల్టన్‌లో ఎప్పుడో తన మెడలో పతకం వేసిన రోజు కూడా ఆయన అంత పొంగిపోయి ఉండరు.

ఆ తర్వాత జరిగినది చెప్పడానికి నాకు సిగ్గు. అయినా చెప్పాలి.

సూర్యాపేటకు తిరిగి వచ్చేటప్పుడు ఆయన అన్నారు: "వచ్చే వారం నుంచి జనం దిక్కు తిరిగి నిలబడదాం. ముందు గీ నాట్ల పాటలు నేర్చుకుందాం."

నాకు ఒళ్లు మండింది. మా అమ్మ కైకిలి కూలికి పోయేది. బురదలో నిలబడి, దొర మనిషి గట్టు మీద కర్ర పట్టుకొని చూస్తుంటే, ఆ పాటలే పాడేది. ఆ బురదలోంచి బయటపడ్డాననే గర్వంతోనే నేను క్లారినెట్టు పట్టుకున్నాను.

"పదేండ్లు ఇంగిలీషు పాటలు నేర్పి, ఇప్పుడు కైకిలోళ్ల పాటలు వాయించమంటరా? మన ఇజ్జత్ ఏమైతది? నేను రాను" అన్నాను.

ఆయన చెవి కూడా గోక్కోలేదు. "సరే" అన్నారు, అంతే.

మూడు వారాలు నేను కొట్టు దాటలేదు. వాళ్లు ఏడుగురూ రెండు అంగళ్లు తిరిగి వచ్చారని విన్నాను. ఒకనాటి మధ్యాహ్నం మాస్టరు ఆకుపచ్చ అంగీ చేత పట్టుకొని వచ్చారు. గుండీ ఊడిందట. నేను తలెత్తకుండా కుడుతున్నాను. ఆయన స్టూలు మీద కూర్చొని నెమ్మదిగా అన్నారు:

"నాకు అమ్మ యాదికి లేదురా. పల్టన్‌ల పెరిగిన. నన్ను పండవెట్టుకుంట ఎవ్వలన్న పాడిన పాట ఒక్కటి గూడ నాకు లేదు. ఎవ్వల పాటలో నేర్చుకొని గిన్నేండ్లు ఊదిన. నీకు ఉన్నది. ఉండి దాసుకున్నవ్. గది కొంచెం తప్పుగ అనిపించింది. చెప్పిపోదామని వచ్చిన."

గుండీ కుట్టించుకొని వెళ్లిపోయారు. నన్ను రమ్మని ఆయన అనలేదు. ఆ సాయంత్రం క్లారినెట్టు పెట్టె పట్టుకొని ఆయన ఇంటికి నేనే వెళ్లాను. అక్కడ డ్రమ్మన్న తలుపు తీసి, "వచ్చినవా? నీ జాగ ఎవ్వరికీ ఇయ్యలే, దానికి తగ్గ లావు మనిషి దొరకలే" అన్నాడు.

వైశాఖంలో మిర్యాలగూడలో ఒక వడ్ల సావుకారు ఇంట పెళ్లి. వెళ్లగానే అందరం పైకి చూశాం. పందిరి గుంజకు మైకు కొమ్ము కట్టి ఉంది. బెజవాడ నుంచి బ్యాటరీ పెట్టెలతో, రికార్డులతో ఒక మైకు మనిషి దిగాడు. సావుకారు మమ్మల్ని పక్కకు పిలిచి, "ఎదురుకోలు దాక మీరు వాయించుండ్రి. తర్వాత ఆపుండ్రి. భోజనాల కాడ రికార్డులు పెట్టిస్తున్న. అందరు గిప్పుడు గవ్వే అడుగుతున్నరు" అన్నాడు.

డ్రమ్మన్న పళ్లు కొరుకుతూ, "ఆ తీగ యాడుందో సూపియ్యుండ్రి, తెంపేస్త" అన్నాడు.

"మైకు మనకు దుష్మన్ కాదురా. మనకు గూడ పలుకుతదేమో అడిగి సూద్దాం పా" అంటూ మాస్టరు రెండు చాయ్ గ్లాసులు పట్టుకొని మైకు మనిషి దగ్గరికి వెళ్లారు. గంటసేపట్లో ఇద్దరూ మేనమామ మేనల్లుళ్లలా కూర్చున్నారు. ఒకసారి చూస్తానని మాస్టరు మైకు ముందు కార్నెట్టు ఊదారు. కొమ్ములోంచి వచ్చిన కేకకు పందిరి మీది కాకులన్నీ లేచిపోయాయి. వంటమనిషి గరిటె పప్పుచారులో జారవిడిచాడు. మైకు మనిషి చెవులు మూసుకొని, "బాబోయ్ మాస్టారూ, మీ బాకాకి మైకెందుకండీ, గుంటూరు దాకా వినపడుద్ది!" అన్నాడు.

"మరి దీనికి ఎట్లాంటి గొంతు కావాలె?"

"సన్నగా ఉండాలండీ. దగ్గరగా కూర్చుని, మామూలుగా మాట్లాడినట్టు పాడాల."

మాస్టరు చుట్టూ చూశారు. పెరట్లో బియ్యం చెరుగుతున్న ఆడవాళ్లు చాటల ఊపుకు పెళ్లిపాట పాడుకుంటున్నారు. ఆయన వాళ్లలో పెద్దామె ముందు కూర్చొని బతిమాలారు. ఆమె చేతులు తుడుచుకుంటూ, "నేనెందుకయ్యా, సావుకారు కోపం జేస్తడు" అంది. అన్నట్టుగానే సావుకారు వచ్చాడు. "పనోళ్ల పాటలు నా పందిట్లనా మాస్టరూ? సుట్టాలందరు ఏమనుకుంటరు?"

మాస్టరు చేతులు కట్టుకొని నిలబడ్డారు. మాకు ఆ క్షణం సంచులు సర్దుకొమ్మంటారనిపించింది. అప్పుడు లోపలి గది గుమ్మంలోంచి సావుకారు తల్లి గొంతు వినిపించింది.

"నీ లగ్గానికి పాడింది ఎవ్వలురా? గా పిల్ల తల్లే గదా. అప్పుడు సుట్టాలు ఏమన్నరు? తిని, విని, మంచిగున్నదని పోయిండ్రు. పాడనియ్."

భోజనాలు మొదలయ్యాయి. మాస్టరు డ్రమ్ము మీద తువ్వాలు పరిపించారు, చప్పుడు మెత్తబడాలని. మమ్మల్ని పంక్తుల వైపు తిరిగి కూర్చోమన్నారు. పెద్దామె మైకు ముందు కూర్చొని కళ్లు మూసుకుంది. మొదటి మాట వణికింది. రెండో మాటకు నిలబడింది. ఆమె వెనక మేము సన్నగా, నడిచే మనిషి వెంట నీడలా వెళ్లాం. మూడో వరుస దగ్గర పాట గుర్తుపట్టాను. అది మా అమ్మ పాట. మా అక్క పెళ్లినాడు మా ఇంటి ముందు పాడిన పాట. తర్వాతి మలుపు ఎక్కడుందో మాస్టరుకు తెలియదు. నాకు తెలుసు. క్లారినెట్టు ఎత్తి ఆ మలుపు ముందుగా తిప్పాను. ఆమె కళ్లు తెరిచి నన్ను చూసి, నవ్వుతూ అందుకుంది. మాస్టరు కార్నెట్టు దించి నాకు దారి వదిలేశారు.

పంక్తుల్లో ముద్దలు చేతుల్లోనే ఆగాయి. సావుకారు తల్లి కర్ర ఊతంతో గుమ్మం దాటి వచ్చి గొంతు కలిపింది. నడుమ ఒక మాట మరిచిపోయి తడుముకుంటే, విస్తరి ముందున్న ఒక పెద్ద మనిషి, ఎంగిలి చేయి ఊపుతూ ఆ మాట అందించాడు. ఆ తర్వాత ఎవరు పాడుతున్నారో, ఎవరు వింటున్నారో చెప్పడం కష్టమైంది. మైకు మనిషి పెట్టెలోంచి తీసిన రికార్డు చేతిలో అలాగే పట్టుకొని కూర్చున్నాడు. పాట అయ్యాక సావుకారు మా దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ, "రికార్డులకేముంది, రేపు పెట్టుకోవచ్చు తియ్. ఇంకోటి ఏమన్న వస్తదా ఆమెకు?" అన్నాడు.

ఆ వైశాఖ జ్యేష్ఠాల్లో మాకు తీరిక దొరకలేదు. ఏ ఊరికి వెళ్లినా మాస్టరు ముందు అడిగే మాట ఒకటే: "మీ ఊళ్లె పాడెటోళ్లు ఎవ్వలు?" మైకు మనిషి మాతోనే తిరగడం మొదలుపెట్టాడు. సినిమా పాట అడిగినవాళ్లకు అదీ వాయించేవాళ్లం. అతని రికార్డులు విని మాస్టరు అరవై ఏళ్ల వయసులో, పరీక్షకు చదివే పిల్లవాడిలా నేర్చుకున్నారు. అన్ని చోట్లా గెలిచామని చెప్పను. ఒక ఊళ్లో పాడతామని వచ్చిన ఇద్దరు వదినామరదళ్లు ఏ పాట అసలైనదో తేలక మైకులోనే కొట్లాడుకున్నారు. ఊరంతా ఆ కొట్లాట వింటూ నిలబడింది. మాస్టరు ఆ రోజు పొట్ట పట్టుకొని నవ్వారు.

తన పల్టన్ పాటలను ఆయన పారేయలేదు. ప్రతి పెళ్లిలో చివరన ఒక్క కవాతు పాట వాయించేవారు. ముందుగా జనానికి దండం పెట్టి, "గిది నాకోసం. జర ఓపిక పట్టుండ్రి" అనేవారు. ఇప్పుడు జనం నిలబడేవారు. తమ పాట విన్న మనిషి పాటను తామూ వినాలని వాళ్లకు అనిపించేదేమో. పదేళ్లు కలిసి వాయించిన నేను ఆయన దగ్గర నేర్చుకున్న పెద్ద విద్య అదే, క్లారినెట్టు దాని తర్వాతే.

జ్యేష్ఠం చివర ఆయనకు ఆయాసం ఎక్కువైంది. డాక్టరు ఊదడం మానేయమన్నాడు. కూతురు మిర్యాలగూడకు తీసుకెళ్లింది. నేను చూడటానికి వెళ్లిన రోజు వరండాలో మంచం మీద పడుకొని ఉన్నారు. ఆ ఇంటి వెనకే బియ్యం మిల్లు. ఇంజను రోజంతా దడదడమంటూ ఉంటుంది. పరేషాన్‌గా లేదా మాస్టరూ అని అడిగాను.

"పరేషానెందుకురా? జర మంచిగ విను. మూడో దెబ్బ ఎప్పుడూ కొంచెం ఎనుకకు పడ్తది. గీ ఇంజనుకు గూడ ఒక నడక ఉన్నది" అన్నారు.

ఆయన కుడిచేతి మూడు వేళ్లు, కార్నెట్టు మీటలు నొక్కే వేళ్లు, దుప్పటి మీద ఇంజనుతో పాటు కదులుతున్నాయి. నాకు వినపడని పాటేదో దాని మీద కట్టుకుంటున్నారు. కూతురు జొన్నరొట్టె తెచ్చి పెట్టింది. నేను తింటూ ఆ వేళ్లనే చూస్తున్నాను. మధ్యాహ్నం అన్నం వేళకు మిల్లు ఆపేశారు. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. మాస్టరు కళ్లు మూసుకున్నారు. దుప్పటి మీద ఆ మూడు వేళ్లు మాత్రం ఆగలేదు.